బొమ్మకు బదులు జగ్గారావు

ఆ ఆదివారానికి జగ్గారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు ఇడ్లీలు తినాలి. తగరపువలస నుంచి వచ్చే బొమ్మను కూతురికి అప్పగించాలి. ఆమె జాలారిపేట ఒడ్డున పాఠం చెబుతుంటే పడవ నీడలో కుర్చీ వేసుకుని చూడాలి. మధ్యాహ్నానికి కోడికూర వేళకు ఇల్లు చేరాలి. ఫిషింగ్ హార్బరు రోడ్డులో తాళ్ళు, వలలు, వాటిని తేల్చే బెండ్లు అమ్మే మనిషికి వారం మొత్తంలో మిగిలేది ఆ ఒక్క పూట. దాన్ని వృథా చేసే అలవాటు అతనికి లేదు.

బొమ్మ అంటే ఆడుకునేది కాదు. తల, ఛాతీ మాత్రమే ఉన్న రబ్బరు మనిషి. నీళ్ళలో మునిగి ఊపిరి ఆగిపోయిన వాళ్ళకు నోట్లో గాలి ఎలా ఊదాలో, గుండె మీద ఎలా నొక్కాలో దాని మీద నేర్పుతారు. జగ్గారావు కూతురు హిమబిందు ఈత కొలనులో కోచ్. ఈ సీపీఆర్ పని తాను నేర్చుకుని, ఇతరులకు నేర్పే సర్టిఫికెట్టు కూడా తెచ్చుకుంది. పోయిన వర్షాకాలంలో జాలారిపేట దగ్గర ఒక కుర్రాణ్ణి నీళ్ళలోంచి త్వరగానే బయటికి తీశారు. తీశాక ఏం చేయాలో తెలియక పోగొట్టుకున్నారు. హిమబిందు ఆ సంగతి ఎప్పుడు మొదలుపెట్టినా మధ్యలో ఆపేస్తుంది. మిగతాది చెప్పమని జగ్గారావు ఎప్పుడూ అడగలేదు.

వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళేలోగా, పడవకు ఒక్కరికైనా ఇది నేర్పాలని ఆమె పట్టు. అయితే జాలారిపేటలో ఏ పనైనా పెద్దమనిషి తాతబాబు తల ఊపాకే జరుగుతుంది. ఎన్నోసార్లు తిరిగాక ఆయన ఒక్క పూటకు ఒప్పుకున్నాడు. "సూపించమ్మా, సూత్తాను. నచ్చితే పడవోళ్ళందరికీ నానే సెప్తాను. నచ్చకపోతే మళ్ళీ ఈ మాట నా కాడ ఎత్తకూడదు," అన్నాడు. అంటే బేరం ఒక్కసారే. తిరిగి అడగడానికి వీల్లేని బేరం ఎంత బరువైనదో జగ్గారావుకు బాగా తెలుసు.

రెండో ఇడ్లీ దగ్గర ఫోను మోగింది. సరుకు ఆటో డ్రైవరు. మాట్లాడి పెట్టేశాక జగ్గారావు మూడో ఇడ్లీ జోలికి వెళ్ళలేదు.

"బొమ్మ వచ్చిందా నాన్నా?" అంది హిమబిందు.

"ఆటోనగర్ దాకా వచ్చింది."

"ఆటోనగర్‌కి ఎందుకు?"

"రాత్రి ఆటో ఆగిపోనాదంట. మెకానిక్ షెడ్డులో పెట్టి తాళమేసినారు. ఆదివారం కదా, తాళం రేపు తీత్తారంట."

"బస్సులో ఒళ్ళో పెట్టుకుని నేనే తెచ్చుకుంటానని చెప్పాను కదా."

"ఒక్క బొమ్మ కోసం నువ్వు అంత దూరం ఎల్లి రావడం దండగనుకున్నానమ్మా. బెండ్ల బస్తాలెలాగూ వత్తన్నాయి, వాటి మీద పడేస్తే సరిపోద్దనుకున్నాను."

హిమబిందు టార్పాలిన్ మడత విప్పి మళ్ళీ మడిచింది. తిట్టి ఉంటే జగ్గారావుకు ఇంత కష్టంగా తోచేది కాదు. అప్పుడు వంటింట్లోంచి సాయిదుర్గ గొంతు వినిపించింది.

"బొమ్మ లేకపోతే మీ నాన్నని పడుకోబెట్టవే. ఆదివారం పూట ఆయన ఎలాగూ కదలరు."

సాయిదుర్గ ఆ మాట కోడి ముక్కలు కడుగుతూ అంది. తండ్రీ కూతుళ్ళు మాత్రం ఒకరినొకరు చూసుకున్నారు.

"బతికున్న మనిషి ఛాతీ నొక్కకూడదు," అంది హిమబిందు ఆలోచిస్తూ. "నొక్కడం ఇసుక బస్తా మీద చూపిస్తాను. తల ఎలా వంచాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపడానికి నువ్వు చాలు."

"బొమ్మ సేసే పని నాను సెయ్యలేనేటి," అన్నాడు జగ్గారావు. అతని దృష్టిలో సరుకు రెండు రకాలు, కదిలేది, కదలనిది. కొట్టులో కదలని సరుకును అతను ఎన్నో ఏళ్ళుగా దగ్గరుండి చూస్తున్నాడు. ఆ విద్య తనకు కొత్త కాదనుకున్నాడు.

స్కూటరు మీద వెళ్తూ హిమబిందు వెనక నుంచి జాగ్రత్తలు చెప్పింది.

"వాళ్ళది తప్పని ముందే అంటే పెద్దవాళ్ళు వినరు నాన్నా. అందుకే మునిగిన మనిషిని వాళ్ళు ఏం చేస్తారో ముందు చేసి చూపించమంటాను. అదయ్యాక మన పద్ధతి చెప్తాను. వాళ్ళు పిలిచినా, కదిపినా నువ్వు పలకొద్దు. నేను భుజం తట్టి 'నాన్నా, లే' అనేదాకా నువ్వు మునిగిపోయిన మనిషివే."

"ముక్కు కాడ ఏలు పెట్టి సూత్తే?"

"కాసేపు ఊపిరి బిగబట్టు."

"నవ్వొత్తే?"

"తాతబాబు గారి మొహం గుర్తు తెచ్చుకో."

ఒడ్డున పైకి లాగిన పడవల పక్కన, పొడి ఇసుక మీద హిమబిందు టార్పాలిన్ పరిచింది. తండ్రిని దాని మీద పడుకోబెట్టి, తాతబాబునూ మిగతా వాళ్ళనూ పిలుచుకు రావడానికి పేటలోకి వెళ్ళింది. తాతబాబు టీ తాగుతున్నాడు. ఆయన టీ తాగుతుంటే ఎవరైనా వేచి ఉండాల్సిందే.

ఒంటరిగా పడుకున్న జగ్గారావుకు ఒక సంగతి నచ్చలేదు. మునిగిన మనిషి పొడి చొక్కాతో టార్పాలిన్ మీద ఉండడమేమిటి? సరుకు కంటికి ఆనకపోతే కొనేవాడు చెయ్యి కూడా వేయడు. కూతురికి దొరికింది ఒక్క పూట. అతను లేచి చెప్పులు, కళ్ళద్దాలు, ఫోను టార్పాలిన్ మీద సర్దిపెట్టాడు. అలలు వచ్చి తాకే చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా, తల తడుపుకున్నాడు. నురగతో కొట్టుకొచ్చిన నాచు ముక్కను మెడ మీద వేసుకున్నాడు. తర్వాత వెల్లకిలా పడుకుని, నోరు కొంచెం తెరిచి, కళ్ళు మూసుకున్నాడు. చూసే వాళ్ళెవరూ లేకపోయారు గానీ, పని చాలా బాగా కుదిరింది.

మొదట వచ్చింది చిట్టమ్మ. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని ఎండుచేపల కోసం వెళ్తూ, నీళ్ళంచున పడి ఉన్న మనిషిని చూసి ఆగింది.

"బాబూ. ఓ బాబూ, నెగు. ఇక్కడ తొంగున్నావేటి?"

జగ్గారావు మనసులో సంతోషించాడు. పాఠం మొదలైంది. పిలిస్తే పలకకూడదన్నది అతనికి కచ్చితంగా గుర్తుంది.

చిట్టమ్మ భుజం పట్టి కుదిపింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె తట్ట అక్కడే పడేసి పడవల వైపు పరుగెత్తింది.

"దొరబాబూ, బేగి రండి. తాళ్ళ కొట్టు జగ్గారావు బాబు ములిగిపోనాడు."

పడవలకు అవతల, చాటున వలలు బాగు చేసుకుంటున్న వాళ్ళందరూ వచ్చారు. ముందు వచ్చింది దొరబాబు. ఒంటిచేత్తో లంగరు ఎత్తే మనిషి. జగ్గారావును బావా అని పిలిచే చనువు, అతని కొట్టులో బెంచీ మీద మధ్యాహ్నాలు నిద్రపోయే చనువు కూడా ఉంది. ఆ రోజు పాఠం ఉందని దొరబాబుకు తెలుసు. ఆ పాఠం రబ్బరు బొమ్మ మీద అని కూడా తెలుసు. బొమ్మ ఆటోనగర్‌లో తాళం వెనక ఉందని మాత్రం తెలియదు.

"తానానికి దిగినాడు కావాల. సెప్పులు అక్కడ ఇడిసినాడు," అన్నారెవరో.

"కబుర్లు తరవాత. ముందు నీళ్ళు కక్కించాల," అన్నాడు దొరబాబు. "ఒకడు నూట ఎనిమిదికి ఫోన్ కొట్టండి. ఇంకోడు కాళ్ళట్టుకోండి."

మరుక్షణం జగ్గారావు దొరబాబు భుజం మీద తల్లకిందులుగా వేలాడుతున్నాడు. దొరబాబు అతణ్ణి మోస్తూ గుండ్రంగా తిరగసాగాడు. రక్తమంతా తలలోకి దిగింది. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు వచ్చిన దారినే వెనక్కి చూశాయి. ఇది వాళ్ళ పద్ధతి, అమ్మాయి ముందే చెప్పింది, కదిలితే ఆమె పాఠం పాడవుతుంది అనుకుని జగ్గారావు పళ్ళు బిగించాడు. నాలుగు ఇడ్లీలూ తినకపోవడం మంచిదైందని కూడా అనుకున్నాడు.

"నీళ్ళు రాట్లేదు బావ కడుపులోంచి. డ్రమ్ము తెండి."

నీళ్ళ డ్రమ్మును అడ్డంగా పడేసి, దాని మీద జగ్గారావును బోర్లా వేశారు. ఇద్దరు కాళ్ళు, ఇద్దరు చేతులు పట్టుకుని ముందుకూ వెనక్కూ దొర్లించారు. డ్రమ్ము అంచు కడుపులో దిగినప్పుడల్లా అతని నోట్లోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. అది ప్రాణం పోతున్న శబ్దమని కొందరు, గాలని కొందరు అన్నారు. ఎవరో చెప్పు తీసి ముక్కు దగ్గర పెట్టారు. అతను దాన్నీ భరించాడు.

దొర్లించే వాళ్ళు అలసి కాసేపు ఆగారు. అప్పుడు మాటలు మొదలయ్యాయి.

"మంచోడప్పా, పాపం."

"మంచోడే. తాడు కొలిసినప్పుడు మాత్రం సాగదీసి కొలిసేవోడు."

"ఆడికి తాడమ్మేవోళ్ళు సాగదియ్యకుండా కొలుత్తన్నారేటి? తుపానొచ్చినప్పుడు మాకు వలలు ఆడే ముందిచ్చినాడు."

"ఇచ్చినాడు. అవీ పొట్టివే."

మునిగిన వాడికి చేసే చికిత్సలో ఈ భాగం ఎక్కడ ఉందో జగ్గారావుకు అర్థం కాలేదు. అయినా దొరబాబు ముక్కు చీదిన శబ్దం విని ముచ్చటపడ్డాడు. వీడికి ఇంత నటన వచ్చని ఇన్నేళ్ళూ తెలియలేదే అనుకున్నాడు.

ఇంతలో టార్పాలిన్ మీద ఫోను మోగింది. చిట్టమ్మ తెచ్చి దొరబాబు చేతిలో పెట్టింది. కంగారులో అతని వేలు స్పీకరు మీద పడింది.

"కొత్తిమీర అయిపోయింది, వచ్చేటప్పుడు తెండి," అంది సాయిదుర్గ.

"అక్కా, నాను దొరబాబుని. బావ ములిగిపోనాడక్కా."

"బాగానే సేత్తన్నారా?" అంది సాయిదుర్గ నవ్వుతూ. "అది క్లాసురా తమ్ముడూ. బొమ్మ రాలేదని ఆయన్ని తొంగోబెట్టింది బిందు. మోకాలు దాటి నీళ్ళలో దిగని మనిషి ఎలా ములుగుతాడు?"

"క్లాసేటక్కా? క్లాసింకా మొదలెట్టనేదు. బిందు తాతబాబు ఇంటికాడే ఉంది. బావ ఒక్కడే నీళ్ళంచున పడున్నాడు. పిలిత్తే పలకట్లేదు. తిప్పినాం, డ్రమ్మెక్కించినాం, ఊపిరి నేదు."

ఫోనులో గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత సాయిదుర్గ గొంతు వచ్చింది గానీ, అది జగ్గారావుకు తెలిసిన గొంతు కాదు.

"నేనే అన్నాను పడుకోబెట్టమని. ఉత్త మాటకి అన్నాను."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె కోప్పడడం, అలగడం, ఉల్లిపాయలు తరగడం చూశాడు గానీ ఇలా ఏడవడం అతను వినలేదు. కూతురి పాఠం ఒక పక్క, ఈ ఏడుపు ఒక పక్క పెట్టి తూచడానికి జగ్గారావుకు క్షణం పట్టలేదు. డ్రమ్ము మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"ఏడవకు సాయీ," అన్నాడు ఫోను వైపు తిరిగి. "అమ్మాయి ఇంకా రాలేదంట. నాను తొందరపడి ముందే మొదలెట్టేసినాను."

చచ్చిన మనిషి మెడలో నాచుతో లేచి భార్యతో మాట్లాడుతుంటే ఆ ఒడ్డున ఎవరూ నిలబడలేదు. తుపానులకు బెదరని వాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వెనక్కి పడ్డారు. చిట్టమ్మ తట్ట కింద దూరింది. దొరబాబు ఫోను ఇసుకలో పడేసి పడవ వెనక్కి దూకాడు.

సరిగ్గా అప్పుడే తాతబాబు వచ్చాడు. ఎవరో మునిగారన్న కేక విని, హిమబిందు కన్నా, భార్య పాపాయమ్మ కన్నా ముందు, సముద్రం వైపు నుంచి, నీళ్ళంచున ఉన్న పడవను చుట్టి పరుగున వచ్చాడు. వెనక్కి పడుతున్న గుంపు ఆయన్ని తోసింది. ఆయన తల పడవ అంచుకు తగిలింది. ఆ వెంటనే పెద్ద అల ఒకటి వచ్చి వెళ్ళింది. అందరి కళ్ళూ జగ్గారావు మీదే ఉన్నాయి కాబట్టి ఇదెవరూ చూడలేదు.

రొప్పుతూ వచ్చిన పాపాయమ్మ చుట్టూ చూసి అడిగింది. "మా ముసిలోడేడి?"

అందరూ నీళ్ళ వైపు తిరిగారు. అల మీద ఒక తెల్ల తలపాగా తేలుతోంది.

దొరబాబు నీళ్ళలోకి దూకాడు. వెతికి వెతికి ఆయన్ని రెండు చేతుల మీద మోసుకుని బయటికి వచ్చేసరికి తాతబాబు పెదాలు నల్లబడ్డాయి, తల వెనక్కి వేలాడుతోంది. ఇసుక మీదికి రాగానే నలుగురు అలవాటుగా ఆయన కాళ్ళు అందుకుని పైకి ఎత్తబోయారు.

"దించండి, తిప్పొద్దు, కింద పడుకోబెట్టండి," అంది హిమబిందు పరుగెత్తుకొచ్చి. ఆమె మాట గోలలో ఎవరికీ అందలేదు. అందినా అంత పెద్దాయన విషయంలో ఆడపిల్ల మాట వినేవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

"దించండ్రా," అన్నాడు జగ్గారావు.

అందరూ ఆగి అతని వైపు చూశారు.

"ఇందాకటి నుంచి మీ సేతుల్లో పడ్డవోణ్ణి నాను. తల్లకిందులు సేసినారు, తిప్పినారు, డ్రమ్ము మీద పిండేసినారు. ఊపిరున్న నాకే ఊపిరాడనేదు. ఊపిరి నేనోడికి ఎక్కణ్ణించి వత్తాది? అమ్మాయి సెప్పినట్టు సెయ్యండి."

అటు వెళ్ళి తిరిగి వచ్చిన మనిషి చెప్పే మాటకు ఎదురు చెప్పగల వాడు ఆ ఒడ్డున లేడు. తాతబాబును కిందికి దించారు.

హిమబిందు మోకాళ్ళ మీద కూర్చుంది. భుజం తట్టి "తాతా, తాతా" అని పిలిచింది. పలుకు లేదు. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తి, ముక్కు దగ్గర చెవి పెట్టి ఛాతీ వైపు చూసింది. ఛాతీ లేవడం లేదు. ఆమె ఆయన ముక్కు మూసి నోటి మీదికి వంగింది.

"ఆడగుంట, మగోడి నోట్లో," అని ఎవరో గొణిగారు.

"మొగుడు నాకు," అంది పాపాయమ్మ. "నాకు నేని సిగ్గు మీకేటి? నువ్వు ఊదమ్మా."

హిమబిందు ఊదింది. ఛాతీ లేచింది, దిగింది. మళ్ళీ మళ్ళీ ఊదింది. తర్వాత రెండు అరచేతులు ఛాతీ నడుమ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. ముప్పై నొక్కులు, రెండు ఊపిర్లు. ఆమె చేతులు అలసిపోతున్నాయని జగ్గారావుకు కనిపించింది. పక్కన రొప్పుతున్న దొరబాబును రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"మావయ్యా, ఇక్కడ పెట్టు చేతులు. మోచేతులు వంచకు, గట్టిగా నొక్కు," అంది హిమబిందు.

దొరబాబు నొక్కాడు. రెండో నొక్కుకే అతని నోట్లోంచి వల లాగే కేక తనంతట తాను వచ్చింది.

"వల లాగినట్టు కాదు మావయ్యా, ఇంకా బేగి. నేను లెక్క పెడతాను, నా లెక్కతో రా."

"ఎముక ఇరుగుద్దేమో."

"విరిగినా ఫరవాలేదు, ఆపకు. ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

"సేసేసినాం," అంది చిట్టమ్మ తట్ట కింద నుంచి. "జగ్గారావు బాబు కోసం సేసినాం. రోడ్డు మీద అరుపినిపిత్తంది."

జగ్గారావు తాతబాబు తల పట్టుకున్న కూతురి చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆ చేతులు కొట్టులో తాడు చుట్టలతో ఆడుకునేవి. ఇప్పుడు ఒక మనిషి అటు ఉండాలో ఇటు ఉండాలో వాటి కింద తేలుతోంది. ఆయన లేవకపోతే ఈ ఒడ్డున ఇక ఎవరూ ఏమీ నేర్చుకోరు. అంతకన్నా ముందు, ఆయన లేవకపోతే పాపాయమ్మకు తాను జవాబు చెప్పాలి. అతను వ్యాపారంలో ఎన్నో నష్టాలు చూశాడు. ఇలాంటిది ఒక్కటీ లేదు.

తాతబాబు గొంతులో ఏదో గురగురలాడింది. నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. హిమబిందు చప్పున ఆయన్ని పక్కకు తిప్పింది. దగ్గు వచ్చింది. దగ్గు తర్వాత ఊపిరి వచ్చింది, గరగరలాడుతూ, చిల్లు పడిన గొట్టంలోంచి వచ్చినట్టు. ఇంకో ఊపిరి వచ్చింది. పాపాయమ్మ ఇసుకలో కూలబడి ఆయన కాలి బొటనవేలు గట్టిగా పట్టుకుంది.

అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరు తెచ్చి ముందు జగ్గారావు దగ్గర ఆగారు. తడి చొక్కా, మెడలో నాచు, చెదిరిన జుట్టు చూసి పడుకోమన్నారు. ఇంకోసారి పడుకునే ఓపిక తనకు లేదని చెప్పి, అతను తాతబాబు వైపు చూపించాడు. సాయిదుర్గ ఆటో దిగి వచ్చేసరికి భర్త ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ఆమె ముందు అతని వీపు మీద గట్టిగా ఒకటి కొట్టింది. తర్వాత పమిట చెంగుతో తల తుడిచింది. ఆ రోజు కోడికూర సాయంత్రానికి గానీ ఉడకలేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తాతబాబు కొన్నాళ్ళు మంచం దిగలేదు. ఒక పక్కటెముక విరిగింది. అది దొరబాబు చేతి చలవ. దిగిన రోజున కర్ర పట్టుకుని ఒడ్డుకు వచ్చి, పడవల వాళ్ళందరినీ పిలిపించాడు. జగ్గారావు, హిమబిందు ఒక పక్కన నిలబడ్డారు. ఆయన ఏమంటాడోనని కూతురు చున్నీ అంచు మెలిపెడుతోంది.

"అమ్మా, సూపిత్తానన్నావు. నాను సూడనేదు," అన్నాడు తాతబాబు. "కళ్ళు మూసుకునున్నాను. కాబట్టి మళ్ళీ సూపించాల. ఈసారి పడవోళ్ళందరూ వత్తారు. రానోడి పడవ నీళ్ళలో దిగదు."

"ఎముక నొప్పింకా తగ్గనేదా తాతబాబూ?" అన్నాడు దొరబాబు తప్పు చేసినవాడిలా.

"నొప్పుంది. నొప్పి తెలుత్తంది కదరా, అదే సాలు."

మరుసటి ఆదివారం హిమబిందు బస్సులో వెళ్ళి, అప్పటికే తగరపువలసకు తిరిగి వెళ్ళిపోయిన బొమ్మను ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. పడవల వాళ్ళు వరసగా కూర్చుని నేర్చుకున్నారు. పాపాయమ్మ, చిట్టమ్మ వాళ్ళకన్నా ముందు నేర్చుకున్నారు. ఆ ఏడు వేట మొదలైన రోజున, ఆగిన ఊపిరిని మళ్ళీ ఎలా అందుకోవాలో తెలిసిన మనిషి లేకుండా జాలారిపేట నుంచి ఒక్క పడవా కదల్లేదు.

జగ్గారావు మాత్రం ఇప్పటికీ ఆ ఒడ్డున కాసేపు నడుం వాల్చాలనిపిస్తే, ముందు నాలుగు వైపులా తిరిగి కనిపించిన వాళ్ళందరికీ చెప్పి మరీ వాలుస్తాడు.